లెక్కకు దొరికిన బెంచీ

మృత్యుదూతంతటివాడు కూడా మా అమ్మమ్మ ఫ్రూమాను అడగనిదే మా ఊళ్లో ఒక్క ప్రాణాన్నీ ముట్టుకోలేడు. ఈ మాట అర్జెంటీనాలోని మా ఎంత్రె రీయోస్ రాష్ట్రమంతా నేనే చాటాను. ఆమె ఒక్కసారీ కాదనలేదు.

మా యూదుల ప్రార్థనా మందిరం, సినగాగ్ తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతుంది. ఒకప్పుడు పండగనాడు లోపల చోటు చాలక కిటికీల దగ్గర నిలబడి ప్రార్థించేవారు. ఇప్పుడు మిగిలిన యూదులందరూ గుమ్మం బయటి బెంచీమీద సరిపోతారు. చూడ్డానికి బస్సులో జనం వస్తే అమ్మమ్మ తలుపు తీస్తుంది. మిగతావాళ్లు సొరబుర్రలోని మాతె ఆకు కషాయం గొట్టంతో పీలుస్తూ, ఆ బుర్రను చేతులు మార్చుకుంటూ కూర్చుంటారు.

ఆ ఆదివారం దక్షిణాన ఆకాశం కాటుకలా నల్లబడింది. కోళ్లు మధ్యాహ్నానికే గూటికి చేరాయి. గాలి లేకుండానే రేకుల కప్పు ఒకసారి చప్పుడు చేసింది.

బస్సులో బ్యూనస్ ఐరిస్ నుంచి వచ్చిన ఒకమ్మాయి బెంచీ ముందు నిలబడి వేలు చూపించింది.

"ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు... అయ్యో, ఇంతేనా మీరు?"

మాతె బుర్ర, బెంచీమీద అమ్మమ్మ ఈడువాడైన నహూమ్ తాత చేతిలో ఆగిపోయింది. మావాళ్లు మనుషుల్ని లెక్కపెట్టరు. తప్పనిసరైతే 'ఒకరు కాదు, ఇద్దరు కాదు' అంటారు. లెక్కకు దొరికినవాళ్లలో ఒకరు తగ్గుతారని భయం. అమ్మమ్మ ఆ వేలు పట్టుకుని కిందికి దించింది.

"గొడ్లను లెక్కెట్టుకో తల్లీ, మమ్మల్ని కాదు."

"పోనీవే ఫ్రూమా," నహూమ్ తాత నవ్వాడు. "లెక్కెట్టడానికి మనకి మిగిలిందేముంది, పళ్లా?"

నవ్వు దగ్గులోకి తిరిగింది. చలికాలం నుంచీ వదలని దగ్గు. అది ఆగేదాకా అమ్మమ్మ ఊపిరి బిగబట్టింది. చిన్నప్పుడు ఒకే గుర్రంమీద బడికెళ్లినవాళ్లు ఇద్దరూ.

"నువ్వూ కూర్చోవే, లెక్క తప్పాలి," అని అమ్మమ్మ నన్ను ఆయన పక్కన కుదేసింది. ఆ అమ్మాయి సాయం చేద్దామనుకుని మళ్లీ వేలెత్తింది. అది నాదాకా రాకముందే అమ్మమ్మ నా చెవి పట్టి లేవదీసింది.

సాయంత్రం బస్సు పోయింది, గాలి వచ్చింది. అందరూ ఇళ్లకు చేరారు. అమ్మమ్మ తాళం వేసి, ఇంటికి రాకుండా, దారివైపు బెంచీ చివర కూర్చుంది. వాన మొదలైంది. దారి చివరి ఇంట్లోంచి నహూమ్ తాత దగ్గు వినిపిస్తోంది. అది ఆగినప్పుడల్లా ఆమె తల ఎత్తుతోంది.

"లే అమ్మమ్మా. ఆ మృత్యుదూతకి నీతో పనుంటే ఇంటికే వస్తాడులే."

"నహూమ్ ఇంటికి ఇదొక్కటే దారి. నువ్వు పో."