దెబ్బ తగిలితే పత్తి చేను

మాఘమాసం వచ్చేసరికి మా ఊరి చేలల్లో మిరప పండేది, పత్తి పగిలేది. రెండూ ఒకేసారి. సాగర్ కాలవలు ఇంకా మా వైపు రాని రోజులవి. నల్లరేగడిలో మాకు తెలిసిన పంటలు ఆ రెండే, ఆ రెండింటికీ ఆడవాళ్లమే కూలీలం. మా ముఠాలో పద్నాలుగు మందిమి. ముఠాను నడిపేది ఒక దూదేకుల పెద్దమ్మ. మొగుడు పోయి చాలా కాలమైంది. రోజూ పొద్దున ఆమె మోతుబరి గారి చేని గట్టు మీద నిలబడి, మా ముఖాలు ఒక్కొక్కటే చూసి, "నువ్వు మిరప, నువ్వు మిరప, నువ్వు పత్తి" అని పంపేది.

కూలి రెండింటికీ ఒకటే. పని మాత్రం ఒకటి కాదు. మిరప కోస్తే ఘాటు వేళ్లలోకి ఎక్కి, రాత్రి బిడ్డను ఎత్తుకుంటే బిడ్డ ఏడ్చేది. పత్తి తీస్తే గోళ్ల పక్కన కాస్త గీసుకుపోతుంది, అంతే. అయినా పత్తి చేను కోసం మాలో ఎవరూ పోటీపడేవాళ్లం కాదు. పెదవి చిట్లినవాళ్లనూ, కనుబొమ పగిలినవాళ్లనూ, గాజు విరిగి మణికట్టు తెగినవాళ్లనూ మాత్రమే పెద్దమ్మ పత్తికి పంపేది. తెగిన చోట మిరప ఘాటు తగిలితే ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె కూడా ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషే.

ఏమైందని మాత్రం ఎవరినీ అడిగేది కాదు. అడిగితే మేం చెప్పే కారణాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. కారణాలకు మా ఊళ్లో ఎప్పుడూ కరువు లేదు. నీళ్లు తోడటానికి పోయి ఆలస్యంగా వచ్చిందని ఒకరికి, తొందరగా వచ్చి వాకిట్లో నిలబడిందని ఇంకొకరికి. పుట్టింటి మాట ఎత్తిందని ఒకరికి, అసలు మాట్లాడకుండా మూతి ముడుచుకుందని మరొకరికి.

మా ఆయన మంచివాడు. ఊరంతా ఆ మాటే అనేది, నేనూ అనేదాన్ని. తాగడు, పేకాడడు. ఎప్పుడో నెలకో రెణ్ణెల్లకో కొట్టేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఒకసారి, తక్కువైందని ఒకసారి, సరిపోయిన రోజున ఎదురు చెప్పానని ఒకసారి. మా అత్త దెబ్బల మీద పసుపు నూనె రాసేది. రాస్తున్నంతసేపూ నన్నే తిట్టేది. నేను ఏళ్ల తరబడి ఉప్పు చూసుకుంటూ బతికాను. ఉప్పు కుదిరితే కాపురం కుదురుతుందని గట్టిగా నమ్మాను.

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. అప్పటిదాకా ఈ సంగతులన్నీ తలలో ఉన్నాయి కానీ వరసలో లేవు. కాయితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోతే అప్పుడు కనపడింది. ఆయన నన్ను కొట్టిన ప్రతి రోజూ, అంతకుముందు ఎవరో ఒకరు ఆయన్ని నలుగురిలో మాట అన్నారు. ఆరబోసిన కాయ తడిసిందని మోతుబరి తిట్టిన రోజు. సత్తెనపల్లి బజారులో వ్యాపారి కాయను విరిచి చూసి, తాలుకాయ అని పక్కకు విసిరేసిన రోజు. మోతుబరిని కొట్టలేడు, వ్యాపారిని కొట్టలేడు, వాన కురిసిన మబ్బును అసలే కొట్టలేడు. ఇంటికొస్తే నేనుండేదాన్ని. మధ్యలో ఉప్పు పాపం ఏం చేసింది?

నేను ముఠాలో పనికి పోయే ఆ రోజుల్లోనే మా మరిదికి పెళ్లయింది. తోడికోడలిది అద్దంకి వైపు. పందొమ్మిదేళ్ల పిల్ల, మాటకు మాట అప్పజెప్పే రకం. ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు. వచ్చిన నెలకే నాతో పాటు ముఠాలో చేరింది. మొదట్లో రోజూ మిరపే కోసింది. ఒకరోజు పొద్దున కింది పెదవి వాచి ఉంది. పెద్దమ్మ చూసి, "నువ్వు పత్తి" అంది. ఆ రోజు నన్ను కూడా పంపింది, నా మోచెయ్యి తోలు లేచిపోయి ఉంది.

తోడికోడలికి పద్ధతి తెలియదు. పత్తి చేలో అడుగుపెట్టి మురిసిపోయింది. "అక్కా, నేనేం పుణ్యం చేసుకున్నానో! మొన్న ఆ పెద్దమ్మకి కాసిని మంచినీళ్లిచ్చా, అందుకేనేమో."

ఆ పిల్ల చాళ్ల వెంట అటూ ఇటూ చూసింది. ఒకామెకు కన్ను కమిలిపోయి ఉంది, ఇంకొకామె బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ఉంది.

"ఓహో," అంది. "ఇది మన పుణ్యాత్ముల చేనన్నమాట."

అందరం నవ్వాం. నవ్వితే ఆ పిల్ల పెదవి మళ్లీ చిట్లింది.

పత్తి తూకం వేసేది మోతుబరి గారి బావమరిది. మెడకు మఫ్లరు, నోట్లో ఎప్పుడూ మిరియాలు. ఉబ్బసం మనిషి. మిరప చేని గాలి తగిలితే పిల్లికూతలు వచ్చేవి, అందుకని పత్తి దగ్గరే మకాం. మా వైపు కన్నెత్తి చూడటానికి కూడా ఆయనకు ఊపిరి చాలేది కాదు.

కానీ మగవాళ్లు కూర్చునేది చేలో కాదు, కాఫీ హోటల్లో. అక్కడ ఎవరో మా మరిదిని అడిగారట. "ఏరా, మీ ఆడోళ్లు మిరపలో కనపట్టంలేదే! మావోళ్లు ఆ ఘాటుకి మాడి చస్తంటే, నీ పెళ్లాం నీడపట్టున పత్తి ఏరుకుంటందంట. ఎవరి దయరా అది? తూకం ఆయనదా?"

మరిది ఇంటికొచ్చి అదే మాట పెళ్లాన్ని అడిగాడు. ఆ పిల్ల నవ్వింది. "ఆయనకి దగ్గటానికే తీరిక లేదయ్యా!" అంది. నవ్వినందుకు కనుబొమ పగిలింది.

మర్నాడు పొద్దున పెద్దమ్మ గట్టు మీద నిలబడి కనుబొమ చూసింది. "నువ్వు పత్తి."

సాయంత్రం మళ్లీ, "ఇవాళ కూడా పత్తేనా?" అని కొట్టాడు. మర్నాడు మళ్లీ పత్తి. ఇలా ఎనిమిది రోజులు నడిచింది. కొట్టాడు కాబట్టి పత్తి, పత్తి కాబట్టి కొట్టాడు. ఆ పిల్ల పెద్దమ్మ చేతులు పట్టుకుని, "నాకు మిరప ఇయ్యి పెద్దమ్మా, నీకు దణ్ణం పెడతా" అని బతిమాలింది.

"ఆ మూతితోనా? పిచ్చిదానా, పో" అంది పెద్దమ్మ. ఆమె దయగల మనిషి. ఆ దయ పిల్లకు ఏం చేస్తోందో ఆమెకు తెలియదు. నాకు తెలుసు, నేను చెప్పలేదు. చెబితే మా ఇంటి సంగతి బయటపడుతుందని.

తొమ్మిదో రోజున మరిది ట్రంకుపెట్టె తెచ్చి వీధిలో పెట్టాడు. పెద్దమనుషుల్ని పిలిచి, నలుగురిలో తప్పు ఒప్పించి, అద్దంకి బస్సు ఎక్కిస్తానన్నాడు. తోడికోడలు నా దగ్గరికి వచ్చింది. అన్ని రోజుల్లో ఆ పిల్ల ఏడవటం అదే చూశాను.

"అక్కా, దెబ్బలు పడతా. ఆ పేరుతో మా ఊరు పోలేను. మా నాయన గడప తొక్కనియ్యడు. ఇంట్లో ఇంకో చెల్లి ఉంది, దాన్నెవడు చేసుకుంటాడు? ఎట్టయినా నన్నిక్కడ ఉండనీయమను."

పంచాయితీ మిరప కల్లంలో పెట్టారు. మబ్బు పట్టి ఉంది, ఆరబోసిన కాయను వదిలి కదలలేమన్నారు. ముగ్గురు పెద్దమనుషులు. మోతుబరి, బడి పంతులు గారు, మా వీధి పెద్దయ్య. కాయల మధ్య మంచాలు వేసుకుని కూర్చున్నారు. మరిది ట్రంకుపెట్టెను అక్కడికే మోసుకొచ్చాడు. న్యాయం మొదలుపెట్టేలోపే అందరికీ తుమ్ములు పట్టుకున్నాయి.

తూకం ఆయన్ని అడిగారు. ఆయన మఫ్లరు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "నాకు... మిరప... పడదండి" అని మాత్రం అనగలిగాడు. తర్వాత పెద్దమ్మను అడిగారు.

"ఎనిమిది రోజులు ఆ పిల్లనే పత్తికి ఎందుకు పంపావు? ఎవరు చెబితే పంపావు?"

పెద్దమ్మ మా వైపు చూసింది. మా వెనక మా మొగుళ్లు నిలబడి ఉన్నారు. వాళ్ల వైపూ చూసింది. "నా ఇష్టం," అంది.

"నీ ఇష్టమేందమ్మా? ఇది కాపురం సంగతి!" అన్నాడు పెద్దయ్య.

ఆమె నోరు విప్పలేదు. ఆమె చెబితే పద్నాలుగు కాపురాల గుట్టు పోతుంది. మరిది, "చూశారా, చెప్పలేకపోతంది" అని ట్రంకుపెట్టె మీద చెయ్యి వేశాడు. తోడికోడలు నన్ను చూస్తోంది.

"పెద్దయ్యా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఆ పిల్లనే కాదండి. నన్ను కూడా పంపింది. నన్ను పంపిన ముందురోజు ఏం జరిగిందో మా ఆయన్ని అడగండి. దెబ్బ మీద మిరప తగిలితే మండుద్దని పెద్దమ్మ పత్తికి పంపుద్ది. అంతే."

మోతుబరి వరసగా రెండుసార్లు తుమ్మాడు. తర్వాత కన్ను కమిలినామె, "నన్ను పోయిన బుధవారం పంపింది" అంది. వేలికి గుడ్డ చుట్టుకున్నామె, "నన్ను మొన్న" అంది. ఒక్కొక్కరే చెప్పుకుంటూ పోయారు. చివరికి వెనక నుంచి మెల్లగా ఒక గొంతు, "నన్ను ఈ నెలలో రెండుసార్లు, మామయ్యా" అంది. అది పెద్దయ్య కోడలు. పెద్దయ్య చాలాసేపు దగ్గాడు. మిరప ఘాటు అలాంటిది.

ముగ్గురూ పక్కకు పోయి మాట్లాడుకుని వచ్చారు. పిల్ల మీద తప్పు లేదన్నారు. ట్రంకుపెట్టె లోపల పెట్టి కాపురం చేసుకోమని మరిదిని మందలించారు. తర్వాత మోతుబరి పెద్దమ్మ వైపు తిరిగి, ఇకమీదట పత్తికి వంతుల ప్రకారం పంపాలనీ, ముఖం చూసి పంపబట్టే ఊళ్లో లేనిపోని అనుమానాలు పుడుతున్నాయనీ చెప్పాడు. జరిగినదంతా పెద్దమ్మ తప్పని అప్పుడు మాకందరికీ తెలిసింది.

పంతులు గారు చదువుకున్నవారు, ఇంకో మాట కూడా చెప్పారు. "చూడండి నాయనా, పనులు చేసుకునే ఆడవాళ్లు. చెయ్యి చేసుకోవలసి వచ్చినా ముఖం మీదా చేతుల మీదా తగలకుండా చూసుకోండి."

ఎంత మంచి మాట చెప్పారని అందరూ అనుకున్నారు. తోడికోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "గెలిచామక్కా!" అంది. ట్రంకుపెట్టె తానే నెత్తిన పెట్టుకుని, మొగుడికంటే ముందు నడిచి ఇంట్లోకి పోయింది. నాకూ ఒళ్లు పొంగింది.

ఆ సాయంత్రం మా ఆయన పెద్దమనుషుల మాట దాటలేదు. ముఖం మీద కొట్టలేదు.

తోడికోడలు ఆ ఇంట్లో ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేసింది. చెల్లెలికి మంచి సంబంధమే వచ్చింది. ఇంటికి ఎవరు చుట్టాలొచ్చినా నన్ను చూపించి, "ఆ రోజు మా అక్క నోరు తెరవబట్టి నేనీ గడపలో ఉన్నా" అని చెప్పేది. చెబుతూ చీర కొంగు వీపు నిండా కప్పుకునేది. ఆమె చెప్పింది నిజమే. నేనే ఉంచాను.