గోదాము గోలీలు

లాక్‌డౌన్‌లో రెండు కిలోల కందిపప్పు అడిగితే, ఉప్పల్‌లో ఉండే మా ఆడబిడ్డ గేటు తీయకుండానే "మాకే సరిపోతలేదు వదినా" అన్నది. ఆమె వెనక వరండాలో మూటలు నాకు కనబడుతూనే ఉన్నాయి. అప్పటినుంచి నాచారంలోని మా ఇంట్లో ఏటా బియ్యం, పప్పు డాబా మీద ఎండబెట్టి, రేకు డబ్బాల్లో పోసి, మూతలకు టేపు చుట్టి, బిడ్డ పడుకునే గదిలో పేరుస్తున్నాను.

నిరుడు వేపాకు వేసినా పురుగు పట్టింది. ఈసారి మల్లాపూర్ గోదాములో పనిచేసే మరిదిని మందు అడిగాను. కాగితంలో చుట్టిన గోలీలు తెచ్చాడు.

"డబ్బాకొకటి వెయ్యి వదినా, ఏడేండ్లైనా పురుగు ముట్టది."

అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. పొద్దున వేశాను.

సాయంత్రం బడి నుంచి వచ్చి పడుకున్న బిడ్డ తల పట్టుకుని లేచింది. "అమ్మా, గదిల ఎల్లిగడ్డ వాసనొస్తుంది. కడుపుల తిప్పుతుంది."

ఆ గదిలో వెల్లుల్లి లేదు. మరిదికి ఫోన్ చేశాను.

"పండుకునే గదిల పెట్టినవా? గవి గోదాముల మూటలకేసేటియి, వాటికెళ్లి విషం గాలి లేస్తది! ఇంట్ల వద్దని చెప్పిన గద!"

"ఎప్పుడు చెప్పినవ్?"

"లొల్లి తర్వాత పెట్టుకో వదినా, ముందు పిల్లను దవాఖానకు తీస్కపో!"

ఆటోలో బిడ్డ రెండుసార్లు వాంతి చేసుకుంది. తర్వాత పేరు పెట్టి పిలిచినా కళ్ళు తెరవలేదు. దవాఖానాలో డాక్టరమ్మ ఏ మందని అడిగింది. గోలీలు అన్నాను. "ఏ గోలీలు?" అని గట్టిగా అడిగింది. నాకు తెలియదు.

మూడు రోజులకు బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాం. చెప్పానని మరిది ఇప్పటికీ అంటాడు. చెప్పలేదని నేనంటాను. మేం గొంతు పెంచగానే బిడ్డ లేచి బయటికి వెళ్ళిపోతుంది.