ఆఖరున మాట్లాడే పిల్ల

పొద్దున్నే ఫోన్ తెరిస్తే, రిటైరైన మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నిన్నటి సన్మానం ఫోటోలు వచ్చి ఉన్నాయి. పేరు తెచ్చుకున్న పూర్వ విద్యార్థులను యూనివర్సిటీ పిలిచి శాలువాలు కప్పిన సభ అది. ఒక ఫోటోలో మైకు ముందు నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంటున్నది నేనే. "సన్మానం మీ హాస్టల్ పిల్లకా, నీకా?" అని మా ఆయన చేతిలో టీ చల్లారేదాకా నవ్వారు. నవ్వనీలెండి. ఆ మైకు ముందు నేను దించుకున్న బరువు ఆయనకేం తెలుసు?

ములుగు అవతల ఒక కోయపల్లె నుంచి ఆ పిల్ల ఎమ్మే చదవడానికి వచ్చినప్పుడు నేను అమ్మాయిల హాస్టల్ వార్డెన్‌ని. రేకు పెట్టె ఒకటి, వాళ్ళమ్మ వేయించి ఇచ్చిన ఇప్పపువ్వు డబ్బా ఒకటి, అదీ ఆమె సామాను. ఆ తీపి వాసన వరండా అంతా పాకేది. మొదటి రోజు ముక్కు మూసుకున్న పిల్లలే వారం తిరక్కుండా డబ్బా ఖాళీ చేశారు. ఆ ఏడు మెస్ సెక్రటరీ ఎవరు కావాలో చీటీలు రాయిస్తే సగానికి పైగా ఆమె పేరే వచ్చింది. నాకు నచ్చలేదు. మీటింగుల్లో చారు నీళ్ళలా ఉందని తక్కినవాళ్ళు గొంతు చించుకుంటుంటే ఈ పిల్ల మూలన కూర్చుని వింటూ ఉండేది. నోట్లో నాలుక లేనిది, కూరగాయల వాళ్ళతో ఏం వేగుతుంది అనుకున్నాను. చీటీలు చింపేసి, జనగామ బట్టల దుకాణం వాళ్ళమ్మాయి గెలిచిందని నోటీసు బోర్డు మీద నా చేత్తోనే రాసి అంటించాను. ఆ అమ్మాయి నోరు తెరిస్తే రేడియో కట్టేయాల్సిందే.

రెండు నెలలు తిరిగేసరికి, కొత్త సెక్రటరీ మాటలు పడలేక వంటామె గరిటె విసిరేసి హసన్‌పర్తిలోని ఇంటికి వెళ్ళిపోయింది. నేను వెళ్ళి బతిమాలినా కదల్లేదు. మూడు పూటలూ ఉప్మాయే. మర్నాడు వంటింట్లోంచి తాలింపు వాసన వస్తే పరుగెత్తాను. ఈ పిల్లే బస్సెక్కి వెళ్ళి ఆమెను వెంటబెట్టుకొచ్చిందట.

"ఏం చెప్పి తెచ్చినవు బిడ్డా?" అని అడిగాను.

"నేనేం చెప్పలే మేడం. ఆమె చెప్పింది విన్న. మా తాత ఊరికి పెద్ద. పంచాయితీల అందరు మాట్లాడినంకనే ఆయన మాట్లాడుతడు. పెద్దోడు ముందుగాల చెప్తే మిగిలినోళ్ళ నోర్లు మూతబడ్తయంటడు."

నా తప్పు నాకు అప్పుడే తెలిసింది. కానీ వార్డెన్ అహం ఒకటి ఉంటుంది చూడండి, అది నోటీసు బోర్డు దాకా నన్ను నడవనివ్వలేదు. ఆమె చదువు ముగించి వెళ్ళిపోయింది. కోయ పిల్లలకు వాళ్ళ భాషలోనే మొదటి పాఠాలు రాయించిందనీ, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళ సంఘానికి పెద్దగా నిలిచిందనీ పేపర్లో చదివినప్పుడల్లా మనసు పొంగేది. ఆ వెంటనే చింపిన చీటీలు గుర్తొచ్చేవి.

నిన్న సభలో ఆమె వంతు రాగానే లేచి, "ముందుగాల మా వార్డెన్ మేడం మాట్లాడాలె. నేను ఆఖర్న మాట్లాడుత" అంది. నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపోదామనే మైకు దగ్గరకు వెళ్ళాను. ఆమె అప్పటిలాగే తల కొంచెం వంచి వింటోంది. ఆ వినడం చూశాక దాచుకోవడం నా వల్ల కాలేదు. చీటీల సంగతంతా చెప్పేసి, "తప్పు చేసిన బిడ్డా" అన్నాను.

ఆమె దగ్గరకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నాకు అప్పుడే ఎరుక మేడం. ఎవరి పేరు రాసినమో మేం ఒకరికొకరం చెప్పుకున్నం గదా."

"మరి అడగవైతివి?"

"మీ మాట అయినంకనే నా మాట అని ఆగిన."

వాళ్ళ తాత పంచాయితీలు పొద్దుగూకేలోగా తేలిపోయేవట. నా ఒక్క మాట కోసం ఆ పిల్ల ముప్ఫై ఏళ్ళు ఆగింది.