వెనక జాకీలు లేని బండి

నా నోరు మంచిది కాదు. నా భార్య ఈ మాట రోజుకోసారైనా అంటుంది. మా అమ్మ ఎప్పుడూ అనలేదు. అంటే బాగుండేది.

సూరత్‌లోని బమ్రోలిలో నాకో షెడ్డుంది. పాత మినీ బస్సులు కొని, లోపల మంచాలు, వంటగట్టు, బాత్‌రూమ్ పెట్టి, చక్రాల మీది ఇల్లుగా తయారుచేసి అమ్ముతాను. కొనేది ఎక్కువగా చీరల సేఠ్‌లు. ఇలాంటి బండితో ఒక చిక్కుంది. ఆపి పెట్టినా అది స్ప్రింగుల మీదే నిలబడి ఉంటుంది కాబట్టి, లోపల ఒకరు లేచి నడిస్తే ఉయ్యాలలా ఊగుతుంది. వెనక చక్రాలు దాటి బయటికి పొడుచుకొచ్చిన భాగంలో మరీ ఎక్కువ. దానికి మందు వెనక జాకీలు. బండి అడుగు చట్రం, అదే ఛాసిస్, చివర అటొకటి ఇటొకటి ఇనుప కాళ్ళు బిగించి, బండి ఆపాక హ్యాండిల్ తిప్పి నేలకు ఆనించాలి. బండిని లేపక్కర్లేదు, గట్టిగా ఆనుకుంటే చాలు. అవి లేకుండా ఏ సేఠ్‌కీ నేను బండి ఇవ్వలేదు.

మా సొంత బండికి మాత్రం అవి లేవు. చేసి పెట్టుకున్న జతను, ఒక సేఠ్ తొందరపెడితే ఆయన బండికి బిగించేశాను. మనదే కదా, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత.

ఆ బండిలోనే పోయిన ఎండాకాలం అమ్మను సముద్రానికి తీసుకెళ్ళాం. నాన్న వెంట జగిత్యాల పక్క పల్లె నుంచి సూరత్ వచ్చిన మనిషి, మగ్గాల ఖాతాలో, అంటే నేత కార్ఖానాలో, దారం బాబిన్లు చుట్టీ చుట్టీ ముసలిదయిందే కానీ, ఇంత దగ్గరున్న సముద్రాన్ని ఒక్కసారీ చూడలేదు. హజీరా దాటి ఒడ్డుకు చేరగానే కిటికీకి ముఖం ఆనించి, "ఏందిర బిడ్డా, గిన్ని నీళ్ళా!" అంది. ఆ ముఖం చూసి నాకు భలే గర్వమైంది.

అమ్మ పడక వెనకాల. బాత్‌రూమ్ ముందు, తలుపు పక్కన. అమ్మ మనిషి భారీ. లేచి బాత్‌రూమ్‌కు నడుస్తుంటే బండంతా ఊగి, నా చేతిలో చాయ్ లుంగీ మీద ఒలికింది.

"అమ్మో, భూకంపం!" అని అరిచాను. "జర మెల్లగ నడువమ్మా, నువ్వు గిట్ల నడిస్తే బండి ఇరుగుతది."

అమ్మ పకపకా నవ్వింది. తిరిగొస్తున్నప్పుడు మళ్ళీ అదే కూత కూశాను. ఈసారి నవ్వలేదు. అల్మారాల అంచులు పట్టుకుని, వేళ్ళ మీద నడుస్తూ వెళ్ళి కూర్చుంది.

నా భార్య కళ్ళెర్రజేసింది. "బండి ఊగితే ఆమెనంటవేంది? జాకీలు బిగించుకోరాదు?"

"పరాచికానికన్న. నీకెందుకే?" అని కసిరాను.

ఆ తర్వాత అమ్మ వెనక మంచం దిగలేదు. ఎండ మండిపోతోంది. నా భార్య మజ్జిగ ఇస్తే, "ఇప్పుడే నీళ్ళు తాగిన బిడ్డా" అంది. కొబ్బరి బొండాం తెస్తే, "జర ఆగి తాగుత" అంది. నేనేమో, "చూసినవా, అమ్మకెంత నచ్చిందో, కిటికీ ఇడుస్తలేదు" అని మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఎండ తగ్గాక అలల్లో కాళ్ళు తడుపుకుందామని అమ్మను దింపాం. ఆఖరి మెట్టు మీద ఆమె కళ్ళు తేలేసింది. నేను పట్టుకోకపోతే కిందపడి ఏం విరిగేదో. హజీరా రోడ్డు మీది చిన్న ఆస్పత్రికి పరుగెత్తాం. ఒంట్లో నీరు లేదని చెప్పి, సెలైన్ ఎక్కిస్తూ, పొద్దుటి నుంచి ఈమె నీళ్ళు తాగిందా అని డాక్టర్ హిందీలో అడిగాడు. తాగిందని నేనే చెప్పాను. అమ్మ పైకప్పు వైపు చూసింది.

డాక్టర్ వెళ్ళాక అడిగాను. "నిజం చెప్పమ్మా, తాగినవా?"

"తాగితే లేవాలె గదరా. నేను లేస్తె బండి ఊగవట్టె. ఇన్ని రోజులు కష్టపడి కట్టుకున్నవ్, ఇరుగుతదంటివి..."

"ఇరగదమ్మా! నేను ఊకె అన్న!"

"నాకేమెరుక బిడ్డా." నా ముఖం చూసి, నన్నే ఓదార్చబోయింది. "ఏం కాదు తియ్. నాకిది కొత్తనా? ఖాతల ఆడోళ్ళకు ఒంటికి పోనీకి జాగ ఏడుండె? పొద్దుమూకేదాంక నీళ్ళు ముట్టకుంటనే పనిచేసేటోళ్ళం. అలవాటే నాకు."

ఆ మాటతో నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఖాతా కూడు తిని పెరిగినవాణ్ణి నేను. పొద్దున పోయి పొద్దుగూకి వచ్చే అమ్మ, గుమ్మంలోనే చెంబెత్తి గటగటా తాగేది. పిల్లలం అది చూసి నవ్వేవాళ్ళం. ఎందుకలా తాగేదో ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు బాత్‌రూమ్ ఉన్న బండి కట్టి, అందులోనూ ఆమెను గొంతెండిపోయే దూపతోనే కూర్చోబెట్టాను. ఛీ, ఏం కొడుకుని!

ఇల్లు చేరిన మర్నాడే షెడ్డు మూసుకుని ఆ రెండు జాకీలూ చేసి బిగించాను. పట్టుమని ఒక పూట పని కూడా లేదు. కాళ్ళ కింద చెక్క ముక్కలు పెట్టి, బిగువుగా ఆనించి, అమ్మను పిలుచుకొచ్చాను. వంటగట్టు మీద గ్లాసు నిండా నీళ్ళు పోసి పెట్టాను.

"ఇప్పుడు నడువమ్మా. గట్టిగ నడువు."

వెనక నుంచి ముందుకు నడిచింది. బండి కదల్లేదు, గ్లాసులో నీళ్ళు తొణకలేదు. అమ్మ మాత్రం ఇంకా అల్మారా అంచులు పట్టుకుని, వేళ్ళ మీదే నడుస్తోంది.

"చూసినవా, ఊగుతలేదు! ఇగ ఎన్నిసార్లన్న లేవొచ్చు." గ్లాసు తీసి ఆమె చేతికిచ్చాను. "తాగమ్మా."

"మంచిగ చేసినవ్ బిడ్డా" అంది. రెండు గుక్కలు తాగింది. మిగతా నీళ్ళు నా చేతికే తిరిగిచ్చి, "సాలు. దూప అయితలేదు" అంది.