సైన్యాన్ని ఏరు దాటించిన వైనం

తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన నేను, కెనడాలో స్కూల్ బస్సు నడుపుకుంటూ, తల నెరిశాక యూనివర్సిటీలో చేరి లాటిన్ చదివాను. ఈ మాట ఇంకొకరి నోట వింటే నేనే నమ్మను. పెద్ద వయసువాళ్ళకి వేరే దారిలో సీటిస్తారంటే సరదాకి అప్లై చేశాను. వాళ్ళు సరదాకి కాకుండా ఇచ్చేశారు. ప్రాచీన గ్రీకు, రోమన్ చదువులంటే నాతో సీటుకి పోటీపడేవాళ్ళు మరీ ఎక్కువమంది లేరనుకోండి.

మా ఊరు లండన్. ఇంగ్లండ్‌లోది కాదు, కెనడాలో ఒంటారియోలోది. “లండన్‌లో లాటిన్ చదువుతున్నా” అని ఫోన్‌లో చెబితే బంధువులు మెల్లగా, “ఉద్యోగం పోయిందా?” అని అడిగేవారు.

నాలుగో ఏడు ఆనర్స్. అందులో లాటిన్ పేపర్ తప్పితే ఆనర్స్‌లోంచి తీసేసి మామూలు డిగ్రీ చేతిలో పెట్టి పంపేస్తారు. అదీ డిగ్రీయేగా అంది మా అమ్మాయి. కానీ మొదలుపెట్టిన చదువుల్లో ఒక్కదాన్నైనా చివరి గంట కొట్టేదాకా కూర్చుని చదవాలని నా పంతం.

మాకు పెట్టిన పాఠం ఒక రోమన్ సేనాపతి కంచర గాడిదలతో సహా సైన్యాన్ని వంతెన మీదుగా ఏరు దాటించే కథ. పరీక్షలో అందులోంచి కొంత ముక్క ఇస్తారు, ఇంగ్లీషులోకి మార్చాలి. తోటి పిల్లలు డిక్షనరీలు ముందేసుకుని కుస్తీ పట్టారు. నాకు తెలిసిన చదువు ఒక్కటే. బట్టీ పట్టడం, ఎవరికో ఒకరికి ఒప్పజెప్పడం. క్లాసులో చెప్పిన అర్థమంతా ఫోన్‌లో రికార్డు చేసుకుని, పిల్లల్ని దింపేశాక ఖాళీ బస్సులో వింటూ తిరిగాను. సాయంత్రం వంటింట్లో మా ఆవిడకి ఒప్పజెప్పేవాణ్ణి.

“గాడిదలు బెదిరి వెనక్కి తిరిగాయి. అప్పుడు సేనాపతి...”

“ఆగండాగండి. గాడిదలకన్నా ముందు వర్షం రావాలి.” పోపు వేస్తున్న మనిషి నా కాగితం వైపు చూడనైనా లేదు.

“నీకెలా తెలుసు?”

“రోజూ ఈ ఇంట్లో ఇదే కదండీ గోల! పప్పు ఉడికేలోపు ఆ గాడిదల్ని అవతలికి చేర్చండి, మీకు పుణ్యముంటుంది.”

గదిలోంచి అమ్మాయి అరిచింది. “నాన్నా, దిస్ ఈజ్ నాట్ లెర్నింగ్!”

“మరేంటే?”

“పాడ్‌కాస్ట్!”

పరీక్ష రోజు పేపర్ తిప్పగానే మొదటి రెండు మాటలు గుర్తుపట్టాను. ఇంకేముంది, లోపల రికార్డు మొదలైంది. మళ్ళీ పేపర్ వైపు చూసిన పాపాన పోలేదు. వర్షం, గాడిదలు, సేనాపతి తిట్లు, ఏరు దాటడం, అవతలి గట్టున గుడారాలు, భోజనాలు, వంతెన తగలబెట్టడం, అన్నీ గడగడా రాసేసి, హాల్లో అందరికన్నా ముందు లేచి దర్జాగా బయటికి నడిచాను.

తర్వాత ప్రొఫెసర్ తన గదికి పిలిపించారు. వయసులో నాకన్నా చిన్నావిడే గానీ, ఆ గదిలో కూర్చుంటే నాకు మళ్ళీ తొమ్మిదో తరగతే.

“చాలా బాగా రాశారు. ఒక్క తప్పు లేదు” అన్నారు. నేను వినయంగా తల వంచుకున్నాను. “కానీ పేపర్లో మేం ఇచ్చిన ముక్కలో సైన్యం ఇంకా ఇవతలి గట్టునే ఉంది.”

నా తల ఇంకొంచెం వంగింది.

“మీరు దాటించేశారు.”

“వర్షంలో ఎంతసేపని నిలబెడతాం, మేడం?”

“భోజనాలు కూడా పెట్టారు.”

“పాపం, ఆకలితో ఉంటారు కదా.”

“పైగా వంతెన తగలబెట్టారు. మిగతా విద్యార్థుల సైన్యాలు ఎలా దాటాలి?”

ఈ మాట అంటూ కూడా ఆవిడ నవ్వలేదు. “ఇది కాపీ కాదని తెలుసు. కాపీ కొట్టేవాళ్ళకి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. కానీ మీకు లాటిన్ వచ్చో రాదో దీన్నిబట్టి చెప్పలేను. మిమ్మల్ని ఆనర్స్‌లో ఉంచాలా వద్దా ఇప్పుడే తేల్చాలి” అంటూ, నేనెన్నడూ చూడని పుస్తకం తీసి మధ్యలో తెరిచి నా ముందుకి తోశారు. “చదివి చెప్పండి.”

లోపల ఏ రికార్డూ మోగలేదు. ఒక్కో మాట మీదా వేలు పెట్టి, చీకట్లో మెట్లు దిగినట్టు దిగాను. “ఇద్దరు కాపలావాళ్ళు. ఒకడు పడుకుంటే... ఇంకొకడు మేలుకోవాలి. వీడు వాడు మేలుకున్నాడనుకుని, వాడు వీడు మేలుకున్నాడనుకుని... ఇద్దరూ నిద్రపోయారు.”

తర్వాతి వాక్యం మీద వేలు పెట్టి, పైకి చెప్పకుండానే పకపకా నవ్వేశాను. ఆపుకుందామన్నా ఆగదే!

“ఏమైంది?”

“మేడం, శత్రువొచ్చాడు. వచ్చి... ఇద్దర్నీ తట్టి లేపి... సేనాపతి గుడారానికి దారెటని అడిగాడు. వీళ్ళు చూపించారు!”

ఆ పేజీ ఆవిడ అంతకుముందు ఎన్నిసార్లు చదివారో గానీ, ఆవిడకీ నవ్వొచ్చేసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, “ఒక్క మాట వదిలేశారు. వాళ్ళు నిలబడే నిద్రపోయారు” అన్నారు. అది విన్నాక నాకు మళ్ళీ మొదలైంది.

“సరే, ఆనర్స్‌లో ఉండండి. సోమవారం వచ్చి, ఇలాగే చూడని పేజీ ఇంకొకటి కాగితం మీద రాయండి.”

లేచి నిలబడి, చేతులు కట్టుకుని అడిగాను. “ఏ పేజీయో ముందే చెబితే, మేడం...”

ఆవిడ పుస్తకం మూసేసి తలుపు వైపు చూపించారు.