తన చేతి అతుకు

వెల్డరుకు కొండ మీది క్వారీలో పని కుదిరింది. అక్కడి యంత్రాలు అక్కడే విరుగుతాయి, అక్కడే అతకాలి. జనరేటరూ వెల్డింగు మిషనూ ఉన్న ట్రైలరును ఆ మట్టి ఎత్తు ఎక్కించే బండి తెచ్చుకుంటేనే పని, లేదంటే ఇంకొకరికి. ఇన్నేళ్లూ గేట్లకూ కిటికీలకూ అతుకులేసి ఆ మంటకు కంటిచూపు మసకబార్చుకున్నవాడికి అది నోటి దగ్గరికొచ్చిన ముద్ద. దేవుడికి దణ్ణం పెట్టుకుని, భార్యను వెంటబెట్టుకుని పాత జీపు కోసం బయల్దేరాడు. నాలుగు చక్రాలూ లాగేదై ఉండాలి.

పాత బండ్లు అమ్మేవాణ్ణి అందరూ బండ్ల బావ అంటారు. కనబడ్డవాణ్ణల్లా బావా అని పిలవడం వాడి అలవాటు.

"రా బావా, రా! ఇనుము గురించి నీకు చెప్పడమంటే చేపకు ఈత నేర్పడమే."

మొదట చూసింది బూడిదరంగు జీపు. తలుపులు తీగతో కట్టి ఉన్నాయి, సీట్లు ఎలుకలు కొరికేశాయి. భార్య గోనెసంచి పరిచింది. అతను దాని కిందికి దూరితే ఆమె వంగి టార్చి పట్టుకుంది, వెలుగు అతని కళ్లలో పడకుండా చెయ్యి అడ్డం పెట్టి మరీ. అడుగున బండినంతా మోసే చాసిస్ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క పగులు లేదు. చిన్న గేరు వేసి వదులు మట్టిలో నడిపితే ముందు చక్రాలు కూడా మట్టిని పట్టి లాగాయి.

"మొహం బాగోలేదు గానీ ఎముక గట్టిదే," అన్నాడు.

"మొహంతో మనకేం పని? దీన్నే తీసుకుందామండీ," అంది భార్య.

బండ్ల బావ చెవి గోక్కున్నాడు. "ఆ ఎర్రదాన్ని కూడా ఒకసారి పలకరించు బావా. నీకు చుట్టమే."

ఎర్ర జీపు కిందంతా కొత్త నల్లరంగు. వెనక ట్రైలరు తగిలించే కొక్కేనికి కాస్త ముందు అరచెయ్యంత మేర మాత్రం రంగు గీకేసి, ఇనుము తళతళలాడేలా తుడిచి ఉంది. వెల్డరు అక్కడ బొటనవేలు పెట్టాడు. చేప పొలుసుల్లాంటి వరస, చివర ఎడమకు చిన్న మెలిక. కళ్లు మోసపోతాయేమో గానీ ఆ వేలు మోసపోదు.

"ఇది నా అతుకే!"

"మరెవరిదనుకున్నావు? అలాంటి రాత ఇంకెవడు రాస్తాడు ఇనుము మీద?"

"అతుకు సరేనండీ, దాని పక్కనంతా రంగెందుకు? అక్కడ కూడా గీకి చూడండి," అంది భార్య.

అతుకు తెగదు, తెగితే దాని పక్కనే తెగుతుందని వచ్చినవాళ్లందరికీ చెప్పే మనిషి అతను. ఆ పూట మాత్రం, "నా చేతి మీద నీకే అనుమానమా?" అన్నాడు.

"చెల్లెమ్మా, తల్లికి బిడ్డను చూపించి ఎవరి బిడ్డని అడుగుతావా?" అని బండ్ల బావ పగలబడి నవ్వాడు. ఆమె టార్చి ఆర్పేసింది.

ఎర్ర జీపునే కొని, మిషన్లున్న ట్రైలరు తగిలించి కొండెక్కిన మొదటిరోజే మందపాటి గుడ్డ చింపినట్టు చప్పుడైంది. కొక్కెంతో సహా చాసిస్ తోక ఊడిపోయింది. ట్రైలరు వెనక్కి దొర్లి మలుపు దాటి లోయలో పడింది. రాళ్లు మోసే ఆడవాళ్లు పరుగున వచ్చి, అతన్ని కూర్చోబెట్టి, తాము తాగే నీళ్లతో మొహం కడిగారు. తేరుకున్నాక అతను తెగినచోట తడిమి చూశాడు. అతుకు చెక్కుచెదరలేదు. దాని పక్కనే తెగింది. తెగిన ఇనుములో సగం కొత్తగా మెరుస్తోంది, సగం ఎప్పటి పగులో, తుప్పు పట్టి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో ఒక వానలో, రోడ్డు పక్కన, ఆ బండి డ్రైవరు గొడుగు పడితే తనే అతికాడు. "ఇంటికి చేర్చుకోవడానికే ఇది. దీనితో ఏదీ లాగకు," అని తనే చెప్పాడు.

నిలదీయడానికి వెళితే బండ్ల బావ నలుగురి ముందూ భుజం మీద చెయ్యేశాడు. "పంచాయతీ పెడదాం, పద. ఎవడు అతికాడని అడిగితే ఎవరి పేరు చెబుతావు బావా?"

అందరూ నవ్వారు. తన బండే నిలబెట్టుకోలేనివాడు మన గేటేం నిలబెడతాడని గేట్ల పని కూడా పోయింది. క్వారీకి ఇంకో వెల్డరు కుదిరాడు. తీగ కట్టిన తలుపులతో బూడిదరంగు జీపు ఆ కొత్తవాడి మిషన్లను రోజూ కొండెక్కిస్తోంది.

కొన్నాళ్లకు బండ్ల బావే కబురు పెట్టాడు. "నా దగ్గర మిషనుంది. వచ్చి అతుకులేసుకో. చెయ్యి మంచిదని నాకు తెలుసుగా."

వెళ్లాడు. కళ్ల మంటకని భార్య కీరదోస ముక్కలు తడిగుడ్డలో చుట్టి ఇచ్చేది. టార్చి మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు ఆ తల్లి.

అతను మొట్టమొదట అతికింది, తుక్కు ధరకు మళ్లీ బండ్ల బావ దగ్గరికే చేరిన ఆ ఎర్ర జీపునే. బండ్ల బావ దానికి కొత్త రంగేయించి, అరచెయ్యంత మేర గీకించాడు.

దాణా బస్తాల ట్రైలరు లాగే జీపు కోసం ఒక జంట వచ్చింది. మొగుడు టైర్లు చూస్తున్నాడు. వెల్డరు కళ్ల వెంట కారుతున్న నీళ్లు చూసి ఆ పిల్ల తన సీసా తీసి ఇచ్చింది. "ముందు కళ్లు కడుక్కో అన్నా." అతను కడుక్కునేదాకా ఆగి అడిగింది. "నువ్వే అతికావట కదా. గట్టిదేనా?"

బండ్ల బావ దూరం నుంచి చూస్తున్నాడు.

"అతుకు గట్టిదేనమ్మా," అన్నాడు వెల్డరు.

"నీ మాట చాలన్నా," అని ఆమె మొగుణ్ణి కేకేసింది. ఖాళీ సీసా ఇంకా అతని చేతిలోనే ఉంది.