కోర్టు లేచేదాకా

బొబ్బిలి దగ్గర ఒక పల్లె నుంచి, కాళ్ల పారాణి ఇంకా వదలకముందే, అప్పయమ్మ బిలాస్‌పూర్ రైలెక్కింది. మొగుడు లోకో షెడ్డులో ఖలాసీ. పుట్టిన పిల్లలు నిలవలేదు. చాలా ఏళ్ల కాపురం తర్వాత, రెండు రైలు పెట్టెలను కలిపేటప్పుడు మధ్యన పడి మొగుడూ పోయాడు. శవాన్ని తెచ్చిన రోజు ఆమె ఏడవలేదని తెలుగు వాళ్ల క్వార్టర్ల లైనులో చాలాకాలం చెప్పుకున్నారు. అది నిజమే. పొయ్యి మీద ఉన్న గంజి దించి, మూత పెట్టి, అప్పుడు బయటికి వచ్చి కూర్చుంది.

రైల్వే వాళ్లు జాలిపడి బడిలో ఆయా పని ఇచ్చారు. దాంతోపాటు లైను చివర ఒంటిగది క్వార్టరు. కుండలు కడిగి నీళ్లు నింపడం, వసారాలు ఊడవడం, చిన్నపిల్లల ముక్కులు తుడవడం ఆమె పని. బడిలో తెలుగు పిల్లలు, బెంగాలీలు, హిందీ వాళ్లు, తురకలు, కిరస్తానీలు అందరూ ఉండేవారు. అందరి దోసిళ్లలోనూ ఒకే చెంబుతో, ఒకే ఎత్తు నుంచి నీళ్లు పోసేది. పిల్లలందరికీ ఆమె అప్పమ్మే.

నాగులచవితి నాడు మాత్రం ఆమె బడికి కొంచెం ఆలస్యంగా వచ్చేది. లైను ఆడవాళ్లతో కలిసి ఉస్లాపూర్ దారిలో ఉన్న పుట్టకు పోయి పాలు పోసి, ఆ తడి మన్ను కొంత కొంగున ముడి వేసుకుని వచ్చేది. ఇంటర్వెల్‌లో తెలుగు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి చెవులకు ఆ మన్ను రాసేది. చెవిపోటు రాదు, చీము పట్టదు. తల్లులు ఎవరూ కాదనలేదు. కొందరు సాయంత్రం ఇంటికి వచ్చి మిగిలినది పట్టుకుపోయేవారు కూడా.

పందొమ్మిది వందల ముప్ఫయ్యారులో బడిలో ఒక గొడవ జరిగింది. పొద్దున్నే ఏ ప్రార్థన పాడాలన్న దగ్గర తండ్రులు హెడ్మాస్టరు గదిలో కేకలు వేసుకున్నారు. ఎవరి పాట వాళ్లకు కావాలి. చివరికి ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. ఇకమీదట బడిలో ఏ దేవుడి పాటా వద్దు, ఏ దేవుడి పనీ వద్దు. హెడ్మాస్టరు వసారాలో నిలబడి అందరికీ చదివి వినిపించాడు. చీపురు పట్టుకునే విన్న అప్పయమ్మ, "అచ్ఛా సాబ్" అంది. ఇకమీద పాట ఉండదని ఆమెకు అర్థమైంది. మన్ను సంగతి ఆమెకు తట్టలేదు.

ఆ ఏడు చవితి నాడు మార్త అనే పిల్ల స్తంభం పక్కన చెవి పట్టుకుని ఏడుస్తోంది. షెడ్డు ఫిట్టరు యోహాను కూతురు. ఏడేళ్లుంటాయి.

"ఏటే గుంటా, ఎందుకు ఏడుస్తన్నావు?"

"సెవి పోటు, అప్పమ్మా."

"ఇలా రా. సిటికెలో పోతాది."

కొంగు ముడిలో ఇంకా తడి ఉంది. అప్పయమ్మ ఆ పిల్ల రెండు చెవులకూ మన్ను రాసి, తల నిమిరి పంపింది.

సాయంత్రం యోహాను క్వార్టరు ముందుకు వచ్చి నిలబడ్డాడు. వాళ్లదీ బొబ్బిలి వైపే. వరసకు ఏమీ కాకపోయినా అత్తా అనే పిలిచేవాడు.

"అత్తా, మా గుంట సెవికి రాసింది నువ్వేనా?"

"నానే నాయనా. పోటని ఏడ్సింది."

"మా ఇంట్లో పుట్టమన్ను ఎట్టరని నీకు తెల్దా?"

"తెలుసు. గానీ సెవికి అయ్యన్నీ ఏటి తెలుస్తాయి నాయనా?"

పక్క గుమ్మంలో లక్ష్మీనరసమ్మ కిసుక్కున నవ్వింది. యోహాను నవ్వలేదు.

"ఆ పుట్టకి దండం ఎట్టడం మా నాన్న మానేసిన నాడు, ఊరోళ్లు మమ్మల్ని నూతి దగ్గిరికి రానివ్వలేదు. ఊరే ఒగ్గేసి ఇంత దూరం వొచ్చినాం. ఇక్కడ బడికి అంపితే, నువ్వు మల్లీ అదే మన్ను రాసి అంపుతావా?"

"కడిగేసినారా?"

"కడిగేసినాం."

"మరింకేటి?"

ఆ మాట ఆమె నిజంగానే అడిగింది. కడిగేశాక ఇంకేం మిగిలిందో ఆమెకు తెలియలేదు. యోహాను వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. మర్నాడు హెడ్మాస్టరును కలిశాడు. మందలిస్తామన్న జవాబు అతనికి చాలలేదు. మిషను వాళ్ల ప్లీడరు చేత మేజిస్ట్రేటు కోర్టులో కేసు వేయించాడు. బడిలో, తల్లిదండ్రులను అడగకుండా, పసిదాని ఒంటి మీద చెయ్యి వేసి పరాయి మతం తంతు చేసిందని అభియోగం.

తెలుగు తరగతి మాస్టారు జగన్నాథం ఆ సంగతి చెప్పడానికి వచ్చాడు. మంచం కోడు మీద చెయ్యి వేసి, ఒక్కొక్క మాటా ఆపి ఆపి చెప్పాడు.

"మేజిస్ట్రేటు హెచ్చరించి ఒగ్గేయొచ్చు, జరిమానా ఏయొచ్చు, జైల్లోనూ ఎట్టొచ్చు. మూడూ ఆయన చేతిలోవే, పెద్దమ్మా. హెచ్చరించినా, జరిమానా ఏసినా నీకు పర్వానేదు. జైలు మాత్రం పడకూడదు. జైలు పడ్డోళ్లని రైల్వే ఉంచదు. పనీ పోతాది, ఈ క్వార్టరూ పోతాది."

అప్పయమ్మ గోడల వంక చూసింది. మొగుడి చొక్కా తగిలించిన మేకు ఇంకా అలాగే ఉంది.

"జరిమానా డబ్బు లైనోళ్లందరం ఏసుకున్నాం. నా జేబులో ఉంటాది. ఆయన అది మందా, పూజా అని అడుగుతాడు. మందు అని సెప్పు. మరచిపోకు."

"మందే కదా నాయనా."

"అలగే సెప్పు."

కోర్టులో అడిగింది సరిగ్గా అదే. మేజిస్ట్రేటు కళ్లజోడు వెనక అలసిన కళ్ల మనిషి. హిందీలో నెమ్మదిగా అడిగాడు. అది మందా, పూజా? అప్పయమ్మ నోరు తెరిచింది. పొద్దున చలిమిడి పెట్టి పాలు పోసింది, దండం పెట్టింది, ఆ చేత్తోనే మన్ను తీసింది. ఆ చెయ్యి ఎక్కడ పూజ మానుకుని మందు మొదలుపెట్టిందో ఆమెకు దొరకలేదు.

"దోనో, సాబ్," అంది. రెండూ అని.

జగన్నాథం తల వంచుకున్నాడు. మేజిస్ట్రేటు ఏదో రాసుకుని, బడి అందరిదీ అని, అక్కడ ఒకరి బిడ్డ మీద మరొకరి దేవుణ్ని పూయడం తప్పేనని గట్టిగా చెప్పాడు. అది విని యోహాను మొహంలో బిగువు సడలింది. అతనికి కావలసిన మాట అదే.

తర్వాత మేజిస్ట్రేటు, జరిమానా కట్టగలవా అని అడిగాడు.

అప్పయమ్మ వెనక్కి తిరిగి చూసింది. జేబు మీద చెయ్యి వేసుకుని జగన్నాథం లేవబోతున్నాడు. బిళ్లబంట్రోతు అతని భుజం నొక్కి కూర్చోబెట్టాడు. ఆమె మళ్లీ ముందుకు తిరిగింది. ఆ డబ్బు తన చేతిలో లేదు. మేజిస్ట్రేటు ఆమె చీర వంక, చేతుల వంక చూశాడు.

"ఈ ముసలామె ఎక్కడి నుంచి తెస్తుంది?" అని తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు. "అదాలత్ ఉఠ్‌నే తక్." కోర్టు లేచేదాకా ఖైదు. గోడ పక్కన కూర్చోమని వేలు చూపించాడు.

కోర్టులో ఒకరిద్దరు మెచ్చుకోలుగా తలలూపారు. దయగల దొర అని ప్లీడరు గుమస్తా అన్నాడు. యోహానుకూ బరువు దిగినట్టయింది. జైలుకు పంపలేదు కదా అని జగన్నాథానికి కూడా అంతే.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. బెల్తరా ఊరి రైతులు ఇద్దరు ఒకరి చేలో ఒకరి గేదె పడిందని వాదించుకున్నారు. ఆమె ఆ గేదె గురించే విన్నది. కానిస్టేబులు మంచినీళ్లు ఇస్తే తాగింది. పొద్దు వాలాక మేజిస్ట్రేటు లేచాడు, అందరూ లేచారు. "జావ్, మాయీ" అని వెళ్లమన్నాడు కానిస్టేబులు.

క్వార్టరు గుమ్మంలో లక్ష్మీనరసమ్మ చేతులు అడ్డం పెట్టింది.

"అక్కడే ఉండు. జైలుకెల్లొచ్చినోళ్లు తానం సెయ్యకుండా ఇంట్లో అడుగెట్టకూడదు."

"జైలేటి? కూకుని వొచ్చినాను."

"కూకుంటే మాత్రం, కూకోబెట్టింది పోలీసోల్లు కాదేటి? వొంగు, నీల్లు పోత్తాను."

పసుపు నీళ్లు నెత్తిన పడుతుంటే లైను ఆడవాళ్లు నవ్వారు. అప్పయమ్మ కూడా నవ్వినట్టే ఉంది.

రెండు వారాలు ఆమె బడికి వెళ్లింది, కుండలు నింపింది. ఒకరోజు హెడ్మాస్టరు గదిలోకి పిలిచి, కూర్చోమన్నాడు. ఆ గదిలో ఆమెను ఎవరూ ఎప్పుడూ కూర్చోమనలేదు. ఒక్క పూటైనా ఖైదు ఖైదేనని పై ఆఫీసు అంటోందని, పనిలోంచి తీసేశారని, నెలాఖరుకు క్వార్టరు ఖాళీ చెయ్యాలని చెప్పాడు. అప్పయమ్మ "అచ్ఛా సాబ్" అంది. బయటికి వచ్చి, సగంలో ఆపిన వసారా ఊడవడం పూర్తి చేసింది.

జగన్నాథం కచేరీకి పరుగెత్తాడు. ఆ ఖైదును జరిమానాగా మార్చమని అడిగాడు. వేసిన శిక్షను మేజిస్ట్రేటు మార్చడని, కాగితాలు చూసే కోర్టు రీడరు చెప్పాడు.

"పోనీ అప్పీలు?"

"ఇంత చిన్న శిక్షకు అప్పీలు ఉండదు మాస్టారూ," అన్నాడు రీడరు, తీపి కబురు చెప్పినట్టుగా.

యోహాను తనంతట తానే ఆఫీసుకు పోయాడు. తనకు ఇది అక్కర్లేదని, ఆమెను ఉంచండని బతిమాలాడు. గుమస్తా అతణ్ని పైనుంచి కిందికి చూసి, "కేసు వేసింది నువ్వే కదా?" అన్నాడు.

నెలాఖరున చెక్కబండి తోసుకుని వచ్చింది అతనే. తెలిపారా బస్తీలో ఒక సేఠు ఇంటి వెనక వసారా దొరికింది. అంట్లు తోమాలి, నీళ్లు మోయాలి. మంచం, ట్రంకుపెట్టె, రెండు కుండలు బండెక్కాయి. అప్పయమ్మ తాళం వేసి, తాళంచెవి క్వార్టర్ల బాబు మనిషి చేతిలో పెట్టింది. మేకు తియ్యడం మరచిపోయానని దారిలో గుర్తొచ్చింది.

"గుంట సెవి ఎలాగున్నాది?"

"తగ్గిపోనాది అత్తా. రైల్వే ఆస్పత్రి సుక్కలేసినాం."

"అచ్ఛా."

బండి చక్రం కీచుమంటోంది. బజారు దాటాక యోహాను ఆగి చెమట తుడుచుకున్నాడు.

"మల్లీ అలగ సెయ్యకూడదని ఎవరో ఒకరు అనాలనుకున్నాను. అంతే అత్తా. ఇంకేటీ కోరలేదు."

"ఆ కోర్టు బాబూ అంతే అనుకున్నాడు," అంది అప్పయమ్మ. "తొయ్యి. నీకు డ్యూటీ టైమవుతాది."

వసారాలో సామాను దింపాక కూడా అతను వెళ్లకుండా నిలబడ్డాడు. ఆమె అతని వంక చూడలేదు. ట్రంకుపెట్టెను గోడకు జరిపి, దాని పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. కాసేపటికి చక్రం కీచుమన్న చప్పుడు సందు చివరికి పోయి ఆగిపోయింది.

లోపలి నుంచి ఎవరో ఆడమనిషి నీళ్లు తెమ్మని హిందీలో కేక వేసింది. అప్పయమ్మ లేచి, బిందె ఎక్కడుందో వెతుక్కుంది.